కొండ నుంచి వచ్చే మాట

ఆగస్టు 2

కంట్రోల్ పైవాటా ఆవిడకు ఇచ్చారు.

ఇవాళ ఇంతకంటే రాయను.

ఆగస్టు 3

రాయకపోతే కడుపుబ్బరంగా ఉంది. రాస్తాను.

మా హ్యామ్ రేడియో క్లబ్బు మీటింగు ఎప్పటిలాగే పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రిలో, రోగులు కూర్చునే బెంచీల మీద జరిగింది. క్లబ్బుకు అధ్యక్షుడు ఆయనే. గోడనిండా పుచ్చుపళ్ళ బొమ్మలు. ఈ ఏడు వానలు గట్టిగా ఉంటాయట. ఫోన్లు పడిపోతే మనలో ఎవరు ఎక్కడ సెట్టు పెట్టుకుని కూర్చోవాలో ముందే అనుకుందామన్నారు. అందులో కొత్తగా అనుకునేదేముంది? ఊరి ఆఫీసులో అధికారుల పక్కన కూర్చుని, అన్నిచోట్ల నుంచీ వచ్చే కబుర్లు అందుకునే కంట్రోల్ కుర్చీ ఇన్నేళ్ళుగా నాది. డాక్టరుగారు గొంతు సవరించుకుని, ఈసారి ఆ కుర్చీలో మా వదినగారు, అదే పైవాటా ఆవిడ, కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించమన్నారు. అందరూ ముందే ఆలోచించేసుకుని వచ్చారని మొహాలు చూస్తేనే తెలిసిపోయింది.

"మీ గొంతులో కాస్త తొందరుంటుందమ్మా," అన్నారు నాతో. పన్ను పీకే ముందు మత్తుసూది గుచ్చేటప్పుడు వాడే గొంతు అది.

ఆవిడ బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరైంది. ఆవిడ మైకు పట్టుకుంటే ఊళ్ళో సగంమంది అలవాటుకొద్దీ సామాన్లు సర్దుకుంటారు. అదీ అర్హత.

నాకు కొండ ఇచ్చారు. నీళ్ళ ట్యాంకు పక్కనున్న పంపు గది. ఏటి పక్క లోతట్టు పేటల్లోంచి మాట్లాడితే ఊరి ఆఫీసుకు వినపడదు, కొండకు వినపడుతుంది. కొండకు సొంతమాట ఉండదు. ఇటు విన్నది అటు చెప్పాలి, అటు విన్నది ఇటు చెప్పాలి. పోస్టుమాన్ పని. పోస్టుమాన్‌కైనా ఎండన పడి వస్తే మంచినీళ్ళిస్తారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా కొట్టారు. అక్క కదా, కొట్టకపోతే చేతులు పడిపోతాయి.

ఆగస్టు 5

ఉతికిన దుప్పట్లు ఆరేద్దామని డాబా మీదికి వెళ్తే, పైవాటా ఆవిడ కొత్త యాంటెన్నా తీగ నా దండెం మీదుగా లాగించుకుంది. దుప్పట్లు ఆ తీగ మీదే ఆరేశాను. సాయంత్రానికి అన్నీ మడతపెట్టి నా గుమ్మం ముందు కుర్చీలో ఉన్నాయి. మడతలు కూడా అంచుకు అంచు కలిపి. మనిషిని చంపడానికి ఇదొక పద్ధతి.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఇంట్లో లెక్క వేరు. ఈవిడ ముప్పాతిక మొగుడు. మిగిలిన పాతిక మా ఆయన.

మా అత్తగారు పోయిన రోజున ఆవిడ నన్ను అన్నమాట ఇక్కడ మళ్ళీ రాయను. ఒకసారి రాసి ఆ పేజీ చించేశాను. అప్పటి నుంచీ ఆవిడకూ నాకూ మాటల్లేవు. మెట్లమీద ఎదురైతే ఇద్దరం గోడ చూస్తాం. ఆ గోడ మీద పెచ్చు ఎక్కడెక్కడ ఊడిందో ఇద్దరికీ కంఠతా వచ్చు.

ఆగస్టు 9

ఇవాళ అందరం ఎవరి చోట్లలో వాళ్ళు కూర్చుని సెట్లు పరీక్షించుకున్నాం. కొన్నేళ్ళ తర్వాత ఆవిడ నాతో మాట్లాడింది, అదీ రేడియోలో. ఎదురుపడితే నోరు పెగలని మనిషి రేడియోలో మాత్రం నన్ను "మీరు" అంటుంది. "కొండ, మీ గొంతు స్పష్టంగా ఉంది." నా గొంతు స్పష్టంగానే ఉంటుంది. ఆ సంగతి ఆవిడ చెప్పాలా?

ఇంటికొచ్చాక మా ఆయన అడిగారు, పోనీ అలాగైనా మాట్లాడుకున్నారు కదా అని. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళతో నవ్వుతూ కబుర్లు చెప్పడం ఆయనకు వృత్తి. ఇంట్లోనూ అదే.

ఆగస్టు 14

వాన. దుకాణానికి ఎవరూ రాలేదు. కళ్ళజోళ్ళ ఫ్రేములన్నీ తుడిచాను.

ఆగస్టు 15

వాన. ఆయన సెట్టు పట్టుకుని ఏటి పక్క బడికి వెళ్ళారు. పేటవాళ్ళందరినీ అక్కడికే చేరుస్తున్నారు. ఆయన్ని అక్కడికి వేసింది ఎవరనుకున్నారు? ఇంకెవరు. సొంత తమ్ముణ్ణి ఏటి ఒడ్డున పెట్టి, తను ఊరిమధ్య మేడమీద కూర్చుంటుంది.

ఆయన తనే అడిగి వెళ్ళానన్నారు. అలా చెప్పమని ఉంటుంది.

ఆగస్టు 17

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. బొటనవేలు ఇంకా బటను నొక్కినట్టే వంగి ఉంది.

తెల్లారేసరికి ఏరు గట్టు దాటింది. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. మా మాటలు అందుకుని ఊరంతా వినిపించే క్లబ్బు యంత్రం కూడా వాటితోపాటే పోయింది. లోతట్టు పేటలకూ ఊరి ఆఫీసుకూ మధ్య కొండ ఒక్కటే మిగిలింది. అంటే నేను. పంపు గదిలో కారు బ్యాటరీ, సెట్టు, నేను, ఒక మూల బస్తా పరుచుకుని పంపు ఆపరేటరు. ఆయన పంపులాగే మాట్లాడడు, గురగురమంటాడు.

పొద్దున్నంతా నేను ఒక్క అక్షరం పోనివ్వలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే రేపు ఎవరూ చెప్పరు. ప్రసూతి ఆసుపత్రిలో సెట్టు దగ్గర పళ్ళ డాక్టరుగారు ఉన్నారు. జనరేటరు గదిలోకి నీళ్ళొచ్చాయి, అప్పుడే పుట్టిన పిల్లల్ని మార్చాలి, ఉన్న రెండు పడవలూ కావాలి, అత్యవసరం అన్నారు. అన్నది అన్నట్టు కంట్రోల్‌కు చెప్పాను. రెండు పడవలూ ఆసుపత్రికి బయల్దేరుతున్నాయని ఆవిడ అంది. అదీ అన్నది అన్నట్టు డాక్టరుగారికి చెప్పాను.

తర్వాత మా ఆయన. గరగరలో సగం మాటలు కొట్టుకుపోయాయి కానీ నాకు అర్థమయ్యాయి, ఆయన గొంతు నాకు అర్థంకాకపోవడమేమిటి. "బడి నుంచి కంట్రోల్‌కి. నీళ్ళు వరండాలోకొచ్చాయి. అందరం మేడమీదున్నాం. వెనక ప్రహరీ గోడ కొంచెం ఒరిగింది. మామూలు సమాచారం."

మామూలు సమాచారమట. మా కబుర్లలో రెండే రకాలు, అత్యవసరం, మామూలు. నీళ్ళు వరండాలోకొచ్చి గోడ ఒరిగితే అది ఏ రకమో ఎవరికైనా తెలుస్తుంది, ఈయనకు తప్ప. లిఫ్టు తీగ తెగిపోయినా లోపలున్నవాళ్ళతో "ఏం ఫర్వాలేదు, ఒక్క నిమిషం" అనే మనిషి. అలాంటి మనిషి గోడ ఒరిగిందన్నాడంటే ఎంత ఒరిగి ఉండాలి? ఆ మాట నోరారా చెప్పలేని మనిషి తరఫున ఎవరో ఒకరు చెప్పాలి కదా.

బ్యాటరీ మిగలాలని ఆయన అప్పటికే సెట్టు కట్టేశారు. నేను కంట్రోల్‌కు చెప్పాను. బడిలోకి నీళ్ళొచ్చాయి, గోడ ఒరిగింది, కూలేలా ఉంది, పడవ కావాలి, అత్యవసరం.

పంపు ఆపరేటరు నా వైపు చూశాడు. చూస్తే చూశాడు.

ఆవిడ అడిగింది. "కొండ, ఈ మాట బడిదా, మీదా?"

అందరూ వింటుండగా. క్లబ్బులో సెట్టు ఉన్న ప్రతివాడూ వింటుండగా నన్ను ఆ మాట అడిగింది.

బడిదే అన్నాను.

పడవ వచ్చింది. మధ్యాహ్నానికి బడిలోవాళ్ళు ఒక్కొక్కరే కొండ కింద ఒడ్డు చేరారు. ఆయన ఆఖరున వచ్చారు, మోకాళ్ళదాకా బురదతో. పంపు గది కిటికీలోంచి ఆయన్ని పోల్చుకున్నాకే మళ్ళీ సెట్టు వైపు తిరిగాను.

ఆగస్టు 18

ఆయన నిద్రపోతున్నారు. గోడ ఎలా ఉందని అడిగాను. ఏ గోడ అన్నారు.

ఆగస్టు 20

దుకాణం తెరిచాను. బురద ఎత్తిపోసి ఫ్రేములు ఎండలో పెట్టాను. సహాయ బృందం అధికారిగారి డ్రైవరు వచ్చాడు, చదువుకునే అద్దాలు పగిలాయట. ఆరోజు కంట్రోల్ గదిలో తనూ ఉన్నాడు. వాడు చెప్పిన సంగతి వింటుంటే చెవుల్లో తేనె పోసినట్టయింది.

నా కబురు వినగానే అధికారి ఒక పడవను బడివైపు తిప్పమన్నారట. పైవాటా ఆవిడ కుర్చీలోంచి లేచి వద్దందట. రెండూ ఆసుపత్రికే పోవాలి, బడికి తర్వాత పంపండి అందట. ఆయన కోప్పడి, మీవాళ్ళు పంపిన కబురే కదమ్మా, మీరే నమ్మకపోతే ఎలా అన్నారట. అప్పటికీ కూర్చోలేదట.

సొంత తమ్ముడు. నీళ్ళ మధ్యలో. పడవ వద్దంది.

ఈ సంగతి సాయంత్రానికి క్లబ్బులో అందరికీ చెప్పాను. చెప్పకుండా దాచడానికి నేనెవర్ని? ఇలాంటి మనిషిని కంట్రోల్‌లో కూర్చోబెట్టడం ఎంతవరకు సబబో తేల్చమని పళ్ళ డాక్టరుగారికి కాగితం కూడా ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. పళ్ళవాళ్ళు అంతే, ఎదుటివాళ్ళ నోళ్ళే తెరుస్తారు.

ఆగస్టు 21

మా ఆయనకు చెప్పాను. అక్క అలా అందా అని మాత్రం అన్నారు. కోపం రాలేదు. కోపం ఎందుకు రాలేదని అడిగితే, అక్క ఊరికే అనదు అన్నారు.

నేను ఊరికే అంటానా మరి?

ఆగస్టు 24

ఇవాళ ఒక నర్సు వచ్చింది. ప్రసూతి ఆసుపత్రి నర్సు. కుడిచేతికి మోచేతి పైదాకా కట్టు. వరదలో కళ్ళజోడు కొట్టుకుపోయిందట, బస్సు బోర్డు కూడా కనపడటం లేదంది. కుర్చీలో కూర్చోబెట్టి పరీక్ష ఫ్రేము పెట్టి అద్దాలు మారుస్తూ, చెయ్యి ఎలా విరిగిందని అడిగాను. అడగకుండా ఉంటే పోయేది.

"రెండు పడవలు వస్తున్నాయని డాక్టరుగారు చెప్పారు. మొదటిది వచ్చింది. రెండోది వంతెన దాకా వచ్చింది, మేం కిటికీలోంచి చూశాం. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగిపోయింది."

ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా అని అడిగాను. ఇదే అంది. మళ్ళీ చెప్పుకుపోయింది. రెండోది రాదని తెలిశాక ఉన్న ఒక్క పడవలోనే ఎక్కువమందిని ఎక్కించారట. గేటు దగ్గర అది ఒరిగింది. ఆమె పసిపిల్లను ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుంది. రెండో చెయ్యి పడవకూ గేటు స్తంభానికీ మధ్య నలిగింది.

"పిల్ల బతికిందండి. నా చెయ్యే, ఇక పూర్తిగా వంగదంటున్నారు. సూదిమందు ఇచ్చే చెయ్యి." కట్టు సర్దుకుంటూ అంది. "ఆ పడవ ఎందుకు తిరిగిపోయిందో ఎవరూ చెప్పరు."

కింది వరస చదవమన్నాను. తప్పు లేకుండా చదివింది.

ఆగస్టు 25

పడవను తిప్పింది అధికారి. నేను కాదు.

ఆగస్టు 26

గోడ ఒరిగిన మాట నిజం. ప్రహరీ అయితే మాత్రం గోడ కాదా?

ఆగస్టు 28

ఆవిడ మెట్లు దిగుతూ ఎదురైంది. ఇవాళ గోడ చూడలేదు. నన్నే చూసింది. నేను గోడ చూశాను.

ఆగస్టు 30

మీటింగు అయింది.

మొదటి నుంచీ రాస్తాను. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

బెంచీలన్నీ నిండాయి. పళ్ళ డాక్టరుగారు నా కాగితం చదివి వినిపించారు. నా వాక్యాలు ఆయన నోట వింటే చల్లారిపోయినట్టున్నాయి. ఆరోజు బడికి పడవ ఎందుకు వద్దన్నారో చెప్పమని ఆవిడను అడిగారు. ఆవిడ లేచి నిలబడింది. చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే.

"ఆ మాట బడిది కాదనిపించింది," అంది.

నేను ఊరుకోలేదు. బడి మాటలు ఊరి ఆఫీసుకు వినపడవు, వినపడితే కొండ మీద నేనెందుకు, వినపడని మాట ఎవరిదో ఈవిడకెలా తెలుసు అని అడిగాను. ఒకరిద్దరు నిజమే అన్నట్టు తలూపారు కూడా.

"మాటలు వినపళ్ళేదు," అందావిడ, నాతో కాదు, డాక్టరుగారితో. "గరగరలో వాడి గొంతు మాత్రం అప్పుడప్పుడు తగిలింది. నేను చంకనేసుకుని పెంచిన పిల్లాడు. గోడ కింద నిలబడ్డవాడి గొంతు కాదది. అంతే. రుజువేమీ లేదు నా దగ్గర. అందుకే అధికారిగారు తిప్పమంటే ఆపలేకపోయాను."

అక్కడితో కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

డాక్టరుగారు మా ఆయన వైపు తిరిగారు. ఏం పంపారో గుర్తుందా అని అడిగారు. ఆయన నా పక్కనే కూర్చున్నారు. లేవలేదు. నా వైపు చూస్తూ చెప్పారు. కొత్త లిఫ్టు ఎక్కబోయే ముందు తీగ చూసే చూపు అది, బరువు ఆగుతుందా లేదా అని.

"ప్రహరీ ఒరిగిందన్నాను. మామూలు సమాచారం అన్నాను."

"పడవ అడిగారా?"

"లేదు."

డాక్టరుగారు నా కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచారు. ఆసుపత్రి గేటు దగ్గర నేనున్నానమ్మా, అన్నారు. అధికారులకు తను వెళ్ళి చెప్తానన్నారు. ఇక ముందు నాకు ఏ చోటూ ఇవ్వకూడదని అక్కడే నిర్ణయమైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బయటికొచ్చాక ఆయనతో అన్నాను, మీకోసమే కదా అని.

"నాకోసం అడగమన్నానా?"

ఇంటికొచ్చాక ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 1

ఆయన భోజనం పైవాటాలో. పడకా పైవాటాలో. బట్టలకోసం కిందికి వచ్చారు. ఇస్త్రీ చేసి పెట్టాను, ఇస్త్రీ చేయనివే తీసుకుపోయారు.

మొత్తానికి ఆవిడకు కావలసింది దక్కింది.

సెప్టెంబరు 2

నిన్న రాసిన ఆఖరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను. అలా అనుకున్న మాట నిజమే కనక ఉండనీ.

సెప్టెంబరు 6

నర్సు కళ్ళజోడు తయారైంది. ఇవాళ వచ్చింది. పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళి వీధి చూసింది. ఎదురు మేడమీద ఆరేసిన బట్టలకు క్లిప్పులు కూడా కనపడుతున్నాయని నవ్వింది. చాలా తేలిగ్గా ఉందండి అంది. ఎడమచేత్తో ఫ్రేము సర్దుకోవడం ఇంకా అలవాటు కాలేదు, ఒక పక్కకు పోతోంది. నేను సరిచేశాను. సరిచేస్తూ, చెవి వెనక వేలు ఉండగానే, చెప్పేశాను. ఆ పడవ నా మాట మీద తిరిగింది, అక్కడ ఎవరికీ ప్రాణాపాయం లేదు, మా ఆయన ఉన్నారని నేను పెంచి చెప్పాను.

ఏదో అంటుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఎందుకు చెప్పారు అంది. అంటే పడవ సంగతి కాదు. ఇప్పుడు ఎందుకు చెప్పారు అని.

ఫ్రేము రెండో వైపు కూడా సరిచేయబోయాను.

"నాకు చెప్పి మీరు తేలికపడదామనుకున్నారు," అంది.

కళ్ళజోడు తీసింది. కౌంటరు మీద పెట్టింది, అద్దాలు గీసుకోకుండా పైకి తిప్పి పెట్టింది, ఆ జాగ్రత్త కూడా మరిచిపోలేదు. వెళ్ళిపోయింది. వీధి దాటేటప్పుడు ఆటో ఎంత దూరంలో ఉందో తెలియక మధ్యలో ఆగిపోయింది. నేను గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు. ఏమని పిలుస్తాను?

సెప్టెంబరు 7

దుకాణం తెరవలేదు.

సెప్టెంబరు 19

కళ్ళజోడు ఆసుపత్రికి పంపించాను. తిరిగి వచ్చింది.

సెప్టెంబరు 27

ఆయన కిందికి వచ్చారు. కుళాయి కారుతోందని వాషరు మార్చారు. టీ తాగుతారా అన్నాను. తాగివచ్చానన్నారు. పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, నువ్వు అబద్ధం చెప్పినందుకు కాదు నా బాధ, నేను బాగానే ఉన్నానని నీకు తెలుసు, తెలిసే చెప్పావు అన్నారు. తెలియదన్నాను. భయమేసిందన్నాను. భయపడ్డానని చెప్పాల్సింది, అది నీ మాటగా చెప్పాల్సింది, నా నోట్లో ఎందుకు పెట్టావన్నారు.

మంచి ప్రశ్నలన్నీ ఈ ఇంట్లో వాళ్ళకే తోస్తాయి.

అక్టోబరు 11

పైవాటా ఆవిడ నా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మానికి అవతలే నిలబడింది, బస్సు ఎక్కనివ్వని కండక్టరులా.

"ఎల్లుండి మళ్ళీ వరదొస్తుందంటున్నారు. కొండ మీదికి మనిషి కావాలి," అంది.

మాటల్లేని ఇన్నేళ్ళ తర్వాత, రేడియోలో కాకుండా ఎదురుగా నిలబడి అన్న మొదటి మాట ఇది. క్లబ్బులో ఇంకెవరూ లేరా అన్నాను.

"ఉన్నారు. ఇద్దర్ని కూర్చోబెట్టి చూశాం. గరగరలో నీకు వినపడేది వాళ్ళకి వినపడట్లేదు."

"నన్ను నమ్ముతున్నారా?"

"లేదు. నువ్వు మారిస్తే నాకు తెలుస్తుంది. వాళ్ళు మారిస్తే తెలీదు. అందుకని వచ్చాను."

డాక్టరుగారు ఒప్పుకున్నారా అంటే, ఒప్పుకోక ఏం చేస్తారంది. మీ తమ్ముడో అన్నాను. వాడు వద్దన్నాడు, వాడి మాట నేను వినలేదు అంది. అప్పుడు నాకొక సంగతి తట్టింది. ఆవిడ ఎవరిమాటా వినదు. అధికారి మాట వినలేదు, తమ్ముడి మాట వినడంలేదు. ఈ మొండితనాన్నే కదా నేను ఇన్నేళ్ళుగా అసహ్యించుకున్నాను. ఇప్పుడూ అసహ్యమే. అందులో మార్పేమీ లేదు.

సరేనన్నాను. ఆవిడ తలూపి మెట్లెక్కింది. సగం మెట్ల మీద ఆగి, వెనక్కి తిరక్కుండానే, అమ్మ పోయిననాడు నిన్నన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు అంది. తీసుకోమని నేను అడగలేదన్నాను.

బ్యాటరీ ఛార్జింగుకు పెట్టాను.

అక్టోబరు 13

పంపు గదిలో కూర్చుని రాస్తున్నాను. కాస్త తెరిపిచ్చింది, సెట్టు కూడా తెరిపిచ్చింది. జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాసుకోవాలి, ఇంటికి వెళ్ళాక రాస్తే అందులో నేను చేరిపోతాను.

పొద్దున్నుంచి వాన దంచికొట్టింది. బడిలో ఈసారి మంగలిషాపాయన ఉన్నాడు, ఆసుపత్రిలో డాక్టరుగారే. మా ఆయన వంతెన దగ్గర. ఆయన మాట నా ఒక్కదానికే వినపడుతుంది. కొండను తప్పించుకుని కంట్రోల్‌కు చేరే దారి ఆయనకు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మధ్యాహ్నం దాకా నీళ్ళ మట్టం తప్ప ఆయనేమీ పంపలేదు. నేనూ మట్టం తప్ప ఏమీ అడగలేదు.

తర్వాత పిలిచారు. "కొండ, కంట్రోల్‌కి సమాచారం. రాసుకోండి."

ఆయన నన్ను "అండి" అనడం అదే మొదటిసారి. రాసుకున్నాను.

"వంతెన నుంచి కంట్రోల్‌కి. ఇప్పుడు కొండ మీదున్న మనిషి పోయిన వరదలో నా మాట మార్చి చెప్పింది. ఇవాళ కొండ నుంచి వచ్చే ప్రతి మాటా రెండోసారి చెప్పించుకుని గానీ నమ్మొద్దు. మామూలు సమాచారం."

కాగితం మీద పెన్సిలు ఆగిపోయింది. పంపు ఆపరేటరు లేచి, పని ఉన్నట్టు, ట్యాంకు వైపు వెళ్ళాడు. అతనూ విన్నాడు.

అందినట్టు చెప్పాను వంతెనకు. ఇక కంట్రోల్‌కు చెప్పాలి. చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. గరగరలో పోయిందనొచ్చు. సగం వినపడిందని, నీళ్ళ మట్టమేదో చెప్పి ఊరుకోవచ్చు. ప్రతి మాటా రెండోసారి అడగండి అన్న ఒక్క ముక్క చెప్పి, ముందున్నది వదిలేయొచ్చు. అదీ అబద్ధం కాదు. ఇవన్నీ ఒక్కసారిగా తోచాయి. నాకు ఇలాంటివి తోచడానికి సమయం పట్టదని ఇవాళ తెలిసింది.

బటను నొక్కాను. "వంతెన నుంచి కంట్రోల్‌కి," అన్నాను. ఇప్పుడు కొండ మీదున్న మనిషి పోయిన వరదలో నా మాట మార్చి చెప్పింది అన్నాను. డాక్టరుగారు వింటున్నారు. మంగలిషాపాయన వింటున్నాడు. ఆఫీసులో ఆ అధికారి వింటూ ఉంటారు. చివర, మామూలు సమాచారం అని కూడా అన్నాను.

ఆవిడ గొంతు వచ్చింది. పైకీ లేదు, కిందికీ లేదు, ఎవరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు.

"కొండ, మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను. మొదటి మాట నుంచి.